అట్టడుగు తరగతి విజయములు

క్రీడా చరిత్రలు సాధారణముగా విజేతల చరిత్రలు. ప్రపంచ కప్పు ఏ యేట ఎవరికి దక్కినది, ఏ ఆటగాడు ఎన్ని గోల్స్ చేసెను అను సంగతులు మన విద్యార్థులలో పలువురికి కంఠస్థములు. పట్టికలో మొదటి రెండు మూడు పేర్లు చదివి చూపు మరలించుకొనుట మనకు అలవాటు. ఆ పట్టిక అడుగున నిలిచిన జట్టు కూడ అన్ని ఆటలు ఆడినదే. అంత శ్రమయు పడినదే. అట్టి జట్ల కొరకు ప్రత్యేకముగా ఒక తరగతి ఏర్పరచి, అందలి గెలుపునకు సైతము ఒక విలువ కల్పించిన పోటీ ఐరోపా ఖండములో 2018వ సంవత్సరము నుండి జరుగుచున్నది. దానికి నేషన్స్ లీగు అని పేరు. అందులో కట్టకడపటిదైన ‘డీ’ తరగతిని గూర్చి ఈ వ్యాసము. పాఠశాలతో సంబంధము గలవారెల్లరు ఆలోచింపదగిన విషయ మొకటి అందులో ఇమిడి యున్నది.

ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్యలో 55 జాతీయ జట్లకు సభ్యత్వము కలదు. ఎనిమిది కోట్లకు పైగా జనసంఖ్య గల జర్మనీ ఒక సభ్యుడు. ముప్పది నాలుగు వేల జనసంఖ్య గల శాన్ మారినో మరొక సభ్యుడు. సమాఖ్యలో ఇద్దరి హోదా ఒక్కటే. ప్రపంచ కప్పునకు, ఐరోపా కప్పునకు అర్హత నిర్ణయించు పోటీలలో పెద్ద జట్లను, చిన్న జట్లను కలిపి చీట్లు తీసి వర్గములుగా విభజింతురు. అందుచేత ప్రపంచ ప్రసిద్ధులైన ఆటగాండ్రతో, పగలు ఏదో ఉద్యోగము చేసికొని సాయంకాలము అభ్యాసమునకు వచ్చువారు తలపడవలసి యుండును. ఫలిత మేమగునో ఆట మొదలు కాకముందే అందరికి తెలియును.

శాన్ మారినో చరిత్ర ఇందుకు చక్కని తార్కాణము. నలువైపుల ఇటలీ దేశము చుట్టుకొని యుండగా, టిటానో కొండను ఆశ్రయించి 61 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన చిన్న గణరాజ్య మది. క్రీస్తు శకము 301లో మారినస్ అను రాతిపనివాడు దానిని స్థాపించెనని ఐతిహ్యము. మనవైపు అనేక మండలములలో అంతకన్న ఎక్కువ జనులు నివసించుచున్నారు. ఈ దేశపు జట్టు 1990 నవంబరు 14న స్విట్జర్లాండుతో ఆడిన తొలి అధికారిక పోటీలో 4–0 తేడాతో ఓడినది. 2006లో జర్మనీ జట్టు స్వయముగా శాన్ మారినోకు వచ్చి 13 గోల్స్ చేసి పోయినది. 1993 నవంబరులో ఇంగ్లండుతో జరిగిన పోటీలో డేవిడే గ్వాల్టియేరి అను ఆటగాడు ఆట మొదలైన 8.3 సెకన్లకే గోలు చేసి లోకమును విస్మయపరచెను. కాని ఆట ముగియునప్పటికి ఇంగ్లండు 7–1తో గెలిచి యుండెను.

ఆ జట్టుకు 2004 ఏప్రిల్ 28న ఒక విజయము లభించినది. లీక్టెన్‌స్టెయిన్‌తో జరిగిన స్నేహపూర్వకపు ఆటలో ఆండీ సెల్వా చేసిన ఏకైక గోలుతో గెలిచినది. పిమ్మట ఇరువది సంవత్సరములు, 140 ఆటలు, మరియొక విజయము లేదు. అందులో వరుసగా 61 ఓటములు. 2014 నవంబరులో ఎస్తోనియాతో ఆట గోలు లేకుండ సమముగా ముగిసినప్పుడు గాని ఆ వరుస తెగలేదు.

ఇట్టి జట్లు పెద్ద పోటీలలో ఉండవలెనా అను ప్రశ్న పలుమారులు వినవచ్చినది. 2016 నవంబరులో జర్మనీ 8–0తో శాన్ మారినోను ఓడించిన పిమ్మట, ఆ జట్టు ప్రముఖుడు థామస్ ముల్లర్ ఇట్టి ఆటలకు వృత్తి ఫుట్‌బాలుతో సంబంధము లేదను భావమును వెలిబుచ్చగా పెద్ద చర్చయే జరిగినది. చిన్న దేశమువారికి ఆ మాట బాధ కలిగించినది. గొప్పవారితో ఆడు భాగ్యమును కాదనుటకు ఏ హక్కున్నదని వారి వాదము. ఎనిమిదేసి గోల్సుతో ముగియు ఆటవలన ఎవరికి లాభమని రెండవవారి వాదము. ఉభయుల మాటలోను కొంత నిజము లేకపోలేదు.

ఓటమి గురువు వంటిదని పెద్దలు చెప్పుదురు. అది ఒక హద్దువరకే సత్యము. పదమూడు గోల్సుతో ఓడిన జట్టు ఆ ఆటనుండి ఏమి నేర్చుకొనగలదు? తొంబది నిమిషములు పదిమందియు తమ గోలు ముందర గోడవలె నిలువవలసినదే. ముందువరుస ఆటగాని కాలికి బంతి చిక్కదు. దాడి యెట్లు చేయవలెనో, దొరికిన ఒక్క అవకాశమును ఎట్లు వినియోగించుకొనవలెనో, ఒక గోలు ఆధిక్యమును కడపటి ఇరువది నిమిషములు ఎట్లు నిలుపుకొనవలెనో ఆ జట్టుకు అభ్యాసము కలుగదు. ఏలయన, అట్టి స్థితియే దానికి ఎన్నడును రాదు. ఆటలో సగము విద్య దానికి అందని పండై పోవును. సరిజోడు ఎదురైనప్పుడే ఆటలోని అన్ని అంగములు పనిలోనికి వచ్చును.

2018 సెప్టెంబరులో మొదలైన నేషన్స్ లీగు ఈ సరిజోడును కల్పించినది. అంతకుముందు పెద్ద పోటీల నడుమ మిగిలిన దినములలో దేశములు స్నేహపూర్వకముగా ఆడుకొనెడివి. వానికి పాయింట్లు లేవు, పర్యవసానము లేదు. సమాఖ్య ఆ దినములలో పెక్కింటిని తీసికొని, జట్లన్నింటిని బలమును బట్టి ఏ, బీ, సీ, డీ అను నాలుగు తరగతులుగా విభజించెను. మొదటి పోటీలో ఏ, బీ తరగతులలో పండ్రెండేసి, సీ తరగతిలో 15, డీ తరగతిలో 16 జట్లు ఉండెను. ఒక్కొక్క తరగతిలో మరల చిన్న వర్గములు. వర్గమున మొదటివాడు పై తరగతికి పోవును; పై తరగతిలో వెనుకబడినవాడు క్రిందికి దిగును. అంతియే కాక, తొలిసారి ప్రతి తరగతికి ఐరోపా కప్పులో ఒక స్థానము ప్రత్యేకించిరి. అనగా డీ తరగతిలో ఆడిన జట్లలో ఒకటి తప్పక ఆ మహాసభలో కూర్చుండును.

ఈ ఒక్క ఏర్పాటుతో కడపటి తరగతికి ప్రాణము వచ్చినది. 2018 శరత్కాలమునందు ఆ పదునారు జట్లు ఆడిన తీరు చూచినవారికి అది ఓడినవారి సమూహమని తోచలేదు. జార్జియా ఐదు ఆటలు గెలిచి, ఒకటి సమముగా ముగించి తన వర్గమున అగ్రస్థానము పొందినది. 2016లో మాత్రమే సమాఖ్యలో చేరిన కొసొవో ఒక్క ఆటయైనను ఓడక తన వర్గమున నెగ్గినది. బెలారస్, మాసిడోనియా మిగిలిన రెండు వర్గములను గెలిచినవి. ఆ మాసిడోనియాయే 2019 ఫిబ్రవరిలో ఉత్తర మాసిడోనియా అని పేరు మార్చుకొన్నది.

వర్గములు గెలువనివారికి సైతము ఆ ఋతువు పండుగయే. జిబ్రాల్టర్ అనునది స్పెయిన్ దక్షిణాగ్రమున బ్రిటిషువారి యేలుబడిలోనున్న ఒక కొండ, దాని చుట్టు నొక పట్టణము. 2013లో సమాఖ్యలో చేరిన ఆ జట్టు ఐదేండ్లుగా అధికారిక పోటీలలో ఒక్కటియు గెలువలేదు. 2018 అక్టోబరు 13న అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఆటకు ముందు వారి గీతమునకు బదులు పొరపాటున లీక్టెన్‌స్టెయిన్ గీతమును వాయించిరి. తమ గీతము వినబడని ఆ ఆటగాండ్రు, జోసెఫ్ చిపొలీనా పెనాల్టీ ద్వారా చేసిన గోలుతో 1–0గా గెలిచిరి. మూడు దినములకు స్వస్థలమున లీక్టెన్‌స్టెయిన్‌ను 2–1తో ఓడించిరి. ఐదేండ్లలో రాని విజయములు నాలుగు దినములలో రెండు వచ్చినవి. ఆ నాలుగు దినములలో వారి బలము పెరిగినదా? లేదు. వారికి తగిన ఎదిరి దొరికినాడు.

నాలుగు వర్గముల విజేతల నడుమ ఐరోపా కప్పు స్థానమునకై జరుగవలసిన ఆటలు మహమ్మారివలన వాయిదాపడి 2020 అక్టోబరు, నవంబరులలో జరిగినవి. జార్జియా బెలారస్‌ను, ఉత్తర మాసిడోనియా కొసొవోను ఓడించినవి. తుది పోటీ నవంబరు 12న జార్జియా రాజధాని ట్బిలిసీలో. ఉత్తర మాసిడోనియా నాయకుడు గోరాన్ పాండెవ్‌కు అప్పటికి 37 సంవత్సరములు. ఇటలీలో పేరొందిన క్లబ్బులలో ఆడి, 2010లో ఇంటర్ మిలాన్ జట్టుతో ఐరోపా విజేతల కప్పును గెలిచినవాడు. తన దేశమును మాత్రము ఒక పెద్ద పోటీలో చూడలేకపోయినవాడు. ఆనాడు రెండవ అర్ధభాగమున అతడు చేసిన ఒక్క గోలుతో ఆ దేశము మొదటిసారి ఐరోపా కప్పున ప్రవేశించినది. 2021లో జరిగిన ఆ పోటీలో వారు మూడు ఆటలును ఓడిరి. ఐనను ఆస్ట్రియాపై వారి దేశమునకు తొలి గోలు చేసినవాడు పాండెవే.

డీ తరగతి జట్టుకు ఐరోపా కప్పులో స్థానమా, అంతకన్న మేలైనవారు బయట నుండగా ఇది న్యాయమా అని ప్రశ్నించినవారు కలరు. ప్రశ్న సమంజసమే. దానికి సమాధానము మాటలలో గాక మైదానమున వచ్చినది. 2021 మార్చి 31న ఉత్తర మాసిడోనియా జర్మనీకి పోయి, డూయిస్‌బుర్గ్ నగరమున ఆ దేశపు జట్టును 2–1తో ఓడించెను. 2022 మార్చి 24న ఇటలీలోని పలెర్మో నగరమున, అప్పటి ఐరోపా విజేతయైన ఇటలీని కడపటి ఘడియలో చేసిన గోలుతో 1–0గా ఓడించి, దానికి ప్రపంచ కప్పు ప్రవేశము లేకుండ చేసెను. ట్బిలిసీలో ఓడిన జార్జియా సైతము ఊరకుండలేదు. సీ తరగతికి ఎక్కి, అటనుండి బీ తరగతికి ఎక్కి, 2024లో ఐరోపా కప్పున ప్రవేశించి, పోర్చుగల్‌ను 2–0తో గెలిచి పదునారు జట్ల దశకు చేరినది. ఆరేండ్ల క్రిందట ఈ రెండును అట్టడుగు తరగతిలోని జట్లే.

ఇది బలమున్నను వెనుకబడి యుండినవారి కథ. నిజముగా బలము లేనివారి మాటేమి? మరల శాన్ మారినో యొద్దకు రావలెను. 2018లో ఆ జట్టు డీ తరగతిలో ఆరు ఆటలును ఓడినది; ఒక్క గోలైనను చేయలేదు. సమానులలో సైతము అది అడుగుననే యున్నది. 2020లో లీక్టెన్‌స్టెయిన్‌తో ఒకటి, జిబ్రాల్టర్‌తో ఒకటి, రెండు ఆటలను గోలు లేకుండ సమముగా ముగించి రెండు పాయింట్లు గడించినది. 2022లో మరల అన్నియు ఓటములే. 2023 అక్టోబరులో డెన్మార్కు వంటి జట్టుపై గోలు చేసి 2–1 తేడాతో మాత్రమే ఓడినప్పుడు, ఏదో మార్పు వచ్చుచున్నదని గమనించినవారు గమనించిరి.

2024 నాటికి రష్యాపై నిషేధము ఉన్నందున డీ తరగతిలో ఆరు జట్లే మిగిలినవి. శాన్ మారినో వర్గమున జిబ్రాల్టర్, లీక్టెన్‌స్టెయిన్ ఉండెను. సెప్టెంబరు 5న సెరవల్లె మైదానమున లీక్టెన్‌స్టెయిన్‌తో ఆట. రెండవ అర్ధభాగము మొదట, ఎదిరి వెనుకవరుసవారి తడబాటును కనిపెట్టి నిక్కో సెన్సోలి అను పందొమ్మిదేండ్ల యువకుడు గోలు చేసెను. ఆ ఒక్క గోలును జట్టంతయు ఆట ముగియువరకు కాపాడుకొన్నది. ఇరువదేండ్ల నిరీక్షణ ముగిసినది. వెనుకటి విజయమునాటికి సెన్సోలి ఇంకను పుట్టలేదు.

పిమ్మట జిబ్రాల్టర్‌లో 1–0తో ఓటమి. నవంబరు 15న అదే జట్టుతో స్వస్థలమున జరిగిన ఆటలో వెనుకబడి, ఓడిపోయిన పక్షమున వర్గమును గెలుచు ఆశయే పోవునట్టి స్థితిలో, చివరి నిమిషములలో నికోలా నాన్ని పెనాల్టీని గోలుగా మార్చి 1–1గా నిలిపెను. అప్పటికి జిబ్రాల్టర్ తన నాలుగు ఆటలును ముగించి 6 పాయింట్లతో ఉన్నది. శాన్ మారినోకు 4 పాయింట్లు, ఇంకొక ఆట మిగిలియున్నది. గెలిచినచో ఏడు, గెలువనిచో ఏమియు లేదు.

ఆ ఆట 2024 నవంబరు 18న లీక్టెన్‌స్టెయిన్ రాజధాని వాడుజ్‌లో జరిగినది. మొదటి అర్ధభాగమున లీక్టెన్‌స్టెయిన్ ఒక గోలు చేసి ముందంజ వేసెను. పరదేశమున శాన్ మారినో ఎన్నడును గెలిచి యుండలేదు. ఒక ఆటలో రెండు గోల్సుకన్న ఎక్కువ చేసి యుండలేదు. విరామానంతరము మొదటి నిమిషముననే లొరెంజో లజ్జారి సమము చేసెను. 66వ నిమిషమున నాన్ని పెనాల్టీ ద్వారా రెండవ గోలు, 76వ నిమిషమున అలెసాండ్రో గొలినుచ్చి మూడవ గోలు చేసిరి. రొబెర్తో చెవోలి శిక్షణలోని ఆ జట్టు 3–1తో గెలిచి, వర్గమున ప్రథమస్థానము పొంది, సీ తరగతికి అర్హత సంపాదించినది. అంతర్జాతీయ సమాఖ్య పట్టికలోని 210 జట్లలో 210వదిగా ఉన్న జట్టు అది.

దీనితో శాన్ మారినో పెద్ద జట్టయిపోయినదని భ్రమపడరాదు. 2025లో ప్రపంచ కప్పు అర్హతకై ఆడిన ఎనిమిది ఆటలును ఓడినది. అక్టోబరు 9న వియన్నాలో ఆస్ట్రియా 10–0తో ఓడించినది. ముప్పది నాలుగు వేల జనములో ఉత్తమ క్రీడాకారులు ఎందరు దొరకుదురు? గణితశాస్త్రమును ఏ పోటీ నియమమును మార్చజాలదు. కాని వియన్నాలో పది గోల్సుతో ఓడినవారికి వాడుజ్ జ్ఞప్తిలో ఉన్నది. ఓటమి తప్ప మరియొకటి ఎరుగని జట్టు ఓడుట వేరు; గెలుపు ఎట్లుండునో తెలిసిన జట్టు ఓడుట వేరు. అట్లే, ఎవరో ఒకరు పట్టికలో చివరనుండక తప్పదు. ఈసారి రెండు పాయింట్లతో లీక్టెన్‌స్టెయిన్ ఆ చోట నిలిచినది. దాని ముందరను నిచ్చెన ఉన్నది.

ఆసియాలోను ఇట్టి ఏర్పాటు కొంతకాలము నడచినది. అందు మన పాత్రయు కలదు. ఎదుగుచున్న దేశముల కొరకు ఆసియా సమాఖ్య 2006 నుండి 2014 వరకు ఛాలెంజ్ కప్పు అను పోటీ జరిపినది. 2008లో అది మన దేశమున జరిగినది; ఆరంభపు ఆటలకు హైదరాబాదు వేదిక. వర్షములవలన మైదానము పాడై తుది పోటీ ఢిల్లీకి మార్చిరి. అచట ఆగస్టు 13న సునీల్ ఛేత్రి మూడు గోల్స్ చేయగా భారతదేశము తజికిస్తాన్‌ను 4–1తో ఓడించి, 1984 తరువాత మొదటిసారి ఆసియా కప్పున స్థానము పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము పొందిన దేశము క్రింది మెట్టునుండి మరల ఎక్కుటకు సిగ్గుపడలేదు. 2011 దోహా పోటీలో మూడు ఆటలు ఓడినను, ఆ వాకిలి తెరచుకొన్నది ఛాలెంజ్ కప్పువలననే. మెల్బోర్న్, జకార్తా జట్లకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదువాడు, వృత్తిచేత బడిపంతులు అని ఉపాధ్యాయులు గర్వముతో స్మరింపవచ్చును.

ఇక పాఠశాల మాట. మార్కులను బట్టి పిల్లలను ఏ, బీ, సీ, డీ సెక్షనులుగా విభజించుట మన విద్యాలయములలో అనేకచోట్ల ఉన్నది. కొందరు అది అన్యాయమందురు. కొందరు అది అవసరమందురు. నేషన్స్ లీగు చరిత్ర ఉభయులకు ఒక కొలబద్ద నిచ్చుచున్నది. తరగతిగా విభజించుట తప్పు కాకపోవచ్చును. వెనుకబడిన విద్యార్థిని నిత్యము ప్రథముని ప్రక్కన కూర్చుండబెట్టి, అతనితో పోల్చి చిన్నబుచ్చుటకన్న, తన శక్తికి తగిన లెక్కను తనంత తాను సాధించి సంతోషించు అవకాశ మిచ్చుట మేలు. కాని ఆ తరగతికి మూడు లక్షణములు ఉండవలెను. అందులోని గెలుపు నిజమైన గెలుపుగా లెక్కకు రావలెను. అచటినుండి పైకి పోవు నియమము ముందే ప్రకటింపబడి యుండవలెను. ఆ నియమము ఎవరి దయపైనను ఆధారపడరాదు.

మూడింటిలో ఏది లోపించినను అది తరగతి గాదు, గోడ. జూన్ మాసమున డీ సెక్షనులో చేరిన బాలుడు ఏప్రిల్ వరకు, పిమ్మట పదవ తరగతి వరకు అందే మిగిలిపోవుచున్నచో, మంచి ఉపాధ్యాయుని అతని సెక్షనుకు పంపకయున్నచో, అతడు మునుపటికన్న బాగుగా వ్రాసినను ఏ పట్టికలోను ఆ సంగతి ఎక్కకున్నచో, మనము చేసినది విభజన కాదు, విసర్జన. ఇరువది మార్కులనుండి ముప్పది ఐదుకు వచ్చిన బాలుని శ్రమ, తొంబదినుండి తొంబది రెండుకు వచ్చిన బాలుని శ్రమకు ఏమాత్రము తీసిపోదు. మన బడులలో మొదటివానికి శాలువా కప్పుటకు సభలు జరుగును; రెండవవానికై ఒక చప్పట్లైనను మ్రోగవు.

వాడుజ్ నగరమున ఆనాటి రాత్రి గెలిచినవారు ప్రపంచమున 210వ స్థానమువారు. వారి వర్గమున మూడే జట్లు. ఐనను గెలిచిన పిమ్మట వారు పొందిన ఆనందము ఏ ప్రపంచ విజేత ఆనందమునకును తక్కువ కాదు. ఈ విద్యా సంవత్సరమున తమ తమ బడులలో డీ సెక్షను పిల్లలలో ఎందరు పైకి పోయిరో ఉపాధ్యాయ మిత్రులు ఒకమారు హాజరుపట్టీలు తీసి లెక్కించి చూతురు గాక.